గోరంత సోకు... కొండంత దురద!

హిచ్‌కాక్ తీసిన ‘ది బర్డ్స్’ చూశారా? 1963 నాటి సినిమా. వున్నట్టుండి పక్షులు ఆకాశం నిండా మూగి, ఊరి మీద పడి, కనపడ్డ మనిషినల్లా పొడిచి రక్కేస్తాయి. అది చూసి ఇంటికి వెళ్తూంటే కరెంటు తీగ మీద నాలుగు కాకులు కనిపించినా చాలు, చెయ్యి తల మీదకి పోతుంది! అందులో హీరోయిన్ టిప్పి హెడ్రెన్. ఈ తరం వాళ్ళకి ఆనవాలు చెప్పాలంటే – నటి మెలనీ గ్రిఫిత్‌కి తల్లి, డకోటా జాన్సన్‌కి అమ్మమ్మ.

సినిమా అంతా పక్షి గోళ్ళ బారిన పడి నానా తంటాలూ పడ్డ ఈవిడ, తన సొంత గోళ్ళతో అమెరికాలో ఒక వ్యాపారం తలరాతనే మార్చేసిందంటే నమ్ముతారా? నమ్మాలి మరి. పోయినవారం విగ్గుల సంగతి చెప్పుకున్నాం కదా, ఈవారం గోళ్ళ సంగతి. ముందు కథ వినండి.

1975లో సైగాన్ పతనమయింది. వియత్నాం నుంచి వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో అమెరికా చేరుకున్నాయి. కాలిఫోర్నియాలో, శాక్రమెంటోకి దగ్గరలో ‘హోప్ విలేజ్’ అని ఒక శరణార్థి శిబిరం వుండేది. హెడ్రెన్ అక్కడికి సాయం చేయడానికి వెళ్ళేది. ఆడవాళ్ళకి ఏదో ఒక పని చేతికొస్తే తమ కాళ్ళ మీద తాము నిలబడతారని, కుట్టుపని నేర్పేవాళ్ళనీ టైపు నేర్పేవాళ్ళనీ వెంటబెట్టుకు వెళ్ళింది. వాళ్ళ చూపు మాత్రం కుట్టుమిషను మీద నిలిస్తే ఒట్టు! నిగనిగలాడే ఆవిడ గోళ్ళ మీదే వుంది. సంగతి కనిపెట్టిన హెడ్రెన్, తన గోళ్ళు తీర్చిదిద్దే ఆవిడనే అక్కడికి రప్పించి ఇరవైమందికి ఆ విద్య నేర్పించింది. తర్వాత బ్యూటీ స్కూల్లో చేర్పించి, లైసెన్సులు వచ్చేలా చూసింది. ఆ ఇరవైమంది నుంచి అక్కచెల్లెళ్ళు, వదినలు, మరదళ్ళు నేర్చుకున్నారు. ఇవాళ అమెరికాలో గోళ్ళ పని చేసేవాళ్ళలో సుమారు సగం మంది వియత్నాం మూలాల వాళ్ళే!

ఏ కథారచయితా అల్లలేని కథ కదూ? ఇక్కడే ‘శుభం’ కార్డు వేసేస్తే బావుండును. కానీ ఈ సినిమాకి ఇంటర్వెల్ తర్వాత భాగం ఒకటి వుంది. అందులో హీరోయిన్లు లేరు. ఒక చిన్న సీసా, ఒక దీపం, దురదపెట్టే పది వేళ్ళు – అంతే.

పిన్నీ, నా కళ్ళు చూడు!

ఈ మాట మా అక్క కూతురిది. డిగ్రీ రెండో సంవత్సరం. స్నేహితురాలి పెళ్ళికని గోళ్ళు పెట్టించుకోవడానికి పార్లరు వాళ్ళు అడిగిన డబ్బు విని, “ఇంతా? నేనే చేసుకుంటా” అని ఫోన్లో ఓ కిట్టు తెప్పించుకుంది. నాలుగు సీసాలు, ఓ బుల్లి దీపం, అతికించే గోళ్ళు ఓ పెట్టెడు. మొదటిసారి ఏమీ కాలేదు. గోళ్ళు చూసి హాస్టలు హాస్టలంతా మెచ్చుకుంది. రెండోసారీ ఏమీ కాలేదు. హాస్టల్లో పిల్లలందరికీ తనే వేయడం మొదలుపెట్టింది. నాలుగో నెలలో వేళ్ళ చివర్లు దురద. తర్వాత చర్మం ఎర్రబడి, పొట్టులేచి, పగుళ్ళు. ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే కనురెప్పలు బూరెల్లా వాచి వున్నాయి!

ఇంట్లో పంచాయితీ పెట్టారు. ముద్దాయి కాటుక అని తేలింది. కాటుక డబ్బా కిటికీలోంచి బయటికి పోయింది. వాపు తగ్గలేదు. తర్వాత వంకాయ మాన్పించారు. గోంగూర మాన్పించారు. సబ్బు మార్చారు, తలగడ గలీబు మార్చారు. గోళ్ళ వంక మాత్రం ఒక్కరూ చూడలేదు! చివరికి చర్మం డాక్టరుగారు కళ్ళు చూడటం మానేసి, “ఏదీ, చేతులు చాపు తల్లీ” అన్నారు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అతికించి, రెండురోజులుంచి తీసి, మళ్ళీ రెండురోజులాగి చూసి తేల్చారు – గోళ్ళ మందు ఎలర్జీ.

“అది సరే పిన్నీ... మందు రాసుకుంది గోళ్ళకి, వాచింది కళ్ళేమిటి?” అని దాని సందేహం. మీకూ అదే సందేహం కదూ? వేలి చర్మం మందం. కనురెప్ప చర్మం ఉల్లిపొర. రోజుకి ఎన్నిసార్లు మొహం తడుముకుంటామో ఎప్పుడైనా లెక్కపెట్టారా? వేలికంటిన మందు కంటికీ, చెంపకీ, మెడకీ చేరుతుంది. పల్చగా వున్నచోట ముందు బయటపడుతుంది. అందుకే గోళ్ళ ఎలర్జీ చాలామందిలో కళ్ళ మీదే కనపడుతుంది, శిక్ష కాటుకకి పడుతుంది!

కట్టుడు పళ్ళకి చెల్లెళ్ళు

అసలీ గోళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి? 1950ల్లో అమెరికాలో ఫ్రెడ్ స్లాక్ అనే పంటి డాక్టరు పనిచేసుకుంటూంటే గోరు విరిగిందట. ఎదురుగా కట్టుడు పళ్ళకి వాడే ఎక్రిలిక్ వుంది. దానితోనే గోరొకటి తయారుచేసుకున్నాడని చెబుతారు. కాబట్టి వీటిని కట్టుడు గోళ్ళు అనడంలో తప్పేమీ లేదు. కట్టుడు పళ్ళకి సాక్షాత్తూ చెల్లెళ్ళు!

తయారీ ఎలాగంటే – ఒక ద్రవం, ఒక పొడి. రెండూ కుంచెతో కలిపి గోరు మీద ముద్ద పెడితే, కొద్ది నిమిషాల్లో రాయిలా గట్టిపడుతుంది. ఇది ఎక్రిలిక్ పద్ధతి. రెండోది జెల్ పద్ధతి. సీసాలోంచి పూత వేసి, అతినీలలోహిత కాంతి దీపం కింద వేళ్ళు పెడితే నిమిషం అటూ ఇటూగా గట్టిపడుతుంది. 2010 నుంచీ జెల్ పాలిష్ అనే రకం వచ్చి పడ్డాక దీని జోరు ఇంకా పెరిగింది. గిన్నెలు తోమినా, బట్టలుతికినా రెండు మూడు వారాలు చెక్కుచెదరదు కదా!

ఇక్కడే అసలు కిటుకు వుంది. శ్రద్ధగా వినండి. సీసాలో వున్నప్పుడు ఆ మందులోని అణువులు విడిపూల లాంటివి. గట్టిపడటమంటే ఆ విడిపూలన్నీ దండ గుచ్చుకోవడం. ఎక్రిలిక్‌లో పొడిలోని మందు గుచ్చుతుంది. జెల్‌లో వెలుతురు గుచ్చుతుంది. దండగా మారాక అది పెద్దది, ఎక్కడికీ కదలదు. కానీ విడిపూలో? బుట్ట కన్నాల్లోంచి జారిపోయినట్టు, చర్మం పొరల్లోంచి లోపలికి జారిపోతాయి. అంటే గట్టిపడిన గోరు కాదండీ విలన్. గట్టిపడని ద్రవం విలన్. చర్మానికి తగిలిన చుక్క, సరిగా ఆరని పూత, తుడవకుండా వదిలేసిన జిగురు – దురదలన్నీ అక్కడ పుట్టేవే.

సగం గట్టిపడిన గోరు ఇంకా మాయలమారిది. పైకి చూస్తే అద్దంలా మెరుస్తుంది. లోపల విడిపూలు అలాగే వుంటాయి. దీపం ఒక కంపెనీది, సీసా ఇంకో కంపెనీది అయితే జరిగేది ఇదే. ఏ మందుకి ఏ కాంతి, ఎంతసేపు అనేది లెక్క ప్రకారం వుండాలి. మా అమ్మాయి కిట్టులోని బుల్లి దీపం ఏ లెక్కన వెలిగిందో ఆ దేవుడికే తెలియాలి!

పాత విలన్, కొత్త విలన్

ఎక్రిలిక్ గోళ్ళలో మొదట వాడిన ద్రవం మిథైల్ మెథాక్రిలేట్. ముద్దుపేరు ఎం.ఎం.ఏ. చవక, గట్టి. ఎంత గట్టి అంటే తలుపు సందులో గోరు ఇరుక్కుంటే కట్టుడు గోరు విరగదు, అసలు గోరు వేలి మీంచి లేచివస్తుంది! 1970ల మొదట్లో గోళ్ళు పాడయిపోయాయనీ, వంకర్లు పోయాయనీ, వేళ్ళు పుండ్లు పడ్డాయనీ అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకి ఫిర్యాదులు వెళ్ళాయి. ఆ సంస్థ కోర్టుకెక్కింది. 1974లో ఒక కంపెనీ అమ్మకాలని కోర్టు నిలిపేసింది. నూటికి నూరుపాళ్ళూ ఎం.ఎం.ఏ. వున్న సరుకుని కొన్నిచోట్ల జప్తు చేశారు. మరికొందరు తమంతట తామే వెనక్కి తీసుకున్నారు. దాని స్థానంలో ఈథైల్ మెథాక్రిలేట్ వచ్చింది. అది కొంత నయం, అంతేగాని పరమ సాధువేం కాదు. ఎం.ఎం.ఏ. మాత్రం చవక కాబట్టి దొడ్డిదారిన తిరుగుతూనే వుంటుంది. ముక్కు పుటాలదిరే ఘాటు, ఎసిటోన్‌లో ఎంతసేపు నానబెట్టినా ఊడిరాని మొండితనం – ఇవి దాని గుర్తులు.

కొత్త విలన్ జెల్ సీసాలో వుంటుంది. హైడ్రాక్సీ ఈథైల్ మెథాక్రిలేట్. పొడి అక్షరాల్లో హెమా. హేమమాలిని గుర్తొచ్చిందా? ఆవిడకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు లెండి. ఈ హెమా అణువు చిట్టిది. వాసన పెద్దగా వుండదు. “వాసనే లేదు, ఇదేం చేస్తుంది?” అని మనం ధీమాగా వుంటాం. ఘాటుగా వున్నదే చెడ్డదని అనుకుంటే, కోరమీసాలు పెట్టుకున్నవాడే విలన్ అనుకున్నట్టు. నవ్వుతూ వచ్చేవాడి సంగతేమిటి?

బ్రిటన్, ఐర్లండ్‌లలోని 13 చర్మ వైద్యశాలల్లో 2017లో 4,931 మందిని పరీక్షిస్తే, నూటికి 2.4 మందికి ఈ మెథాక్రిలేట్ జాతి మందుల్లో ఏదో ఒకటి పడదని తేలింది. అందరికంటే ఎక్కువ కేసులు మన హెమాగారి ఖాతాలోవే. 2018లో బ్రిటిష్ చర్మవైద్యుల సంఘం ఈ అంకెలు చూపించి, ఇంట్లో వేసుకునే కిట్టులతో మరీ జాగ్రత్త అని హెచ్చరించింది. ఒక్కమాట – వాళ్ళు పరీక్షించింది అప్పటికే చర్మం బాధతో వచ్చినవాళ్ళని. కాబట్టి గోళ్ళు పెట్టుకున్న ప్రతి నూరుమందిలోనూ ఇంతమందికి వస్తుందని కాదు అర్థం. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ అయితే 2012కే ఎక్రిలేట్లకి ‘ఈ ఏటి మేటి ఎలర్జీ మందు’ అనే బిరుదు ఇచ్చేసింది. సినిమావాళ్ళకి ఉత్తమ విలన్ అవార్డు ఇచ్చినట్టు!

యూరప్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. హెమా వున్న గోళ్ళ మందులు శిక్షణ పొందినవాళ్ళు తప్ప వాడకూడదనీ, ఎలర్జీ రావచ్చని సీసా మీద అచ్చువేయాలనీ 2020లో నిబంధన తెచ్చారు. జెల్‌ని గట్టిపరిచే టి.పి.ఓ. అనే మరో మందుని 2025 సెప్టెంబరు 1 నుంచి గోళ్ళ మందుల్లో వాడనే కూడదని నిషేధించారు. దానికి కారణం ఎలర్జీ కాదు. జంతువుల మీద చేసిన పరీక్షల్లో సంతానశక్తికి హాని చేసే లక్షణం కనపడటం.

ఒంటికి మతిమరుపు లేదు

“నాలుగు నెలలు ఏమీ కాలేదు కదా, ఉన్నట్టుండి ఎందుకొచ్చింది?” అని మా అక్క. అదే ఈ ఎలర్జీ చమత్కారం. మిరపకాయ తగిలితే అప్పుడే మండుతుంది, కడుక్కుంటే పోతుంది. దీని పద్ధతి వేరు. మందు మొదటిసారి చర్మంలోకి జారినప్పుడు ఒంట్లోని కాపలాదారులు దాని మొహం చూసి గుర్తుపెట్టుకుంటారు. అంతే, పైకి ఏమీ తెలియదు. అది ఒకసారికే కావచ్చు, యాభైసార్లకి కావచ్చు. ఒక్కసారి శత్రువని ముద్రపడ్డాక మాత్రం, తర్వాత ఎప్పుడు తగిలినా దండు కట్టి మీద పడతారు. అదీ వెంటనే కాదు, ఒకటి రెండు రోజులాగి! అందుకే ఆదివారం పెట్టుకున్న గోళ్ళకీ మంగళవారం దురదకీ ముడిపెట్టాలని మనకి తోచదు.

ఇంకో సంగతి, ఇదే అన్నిటికంటే ముఖ్యం. ఈ జ్ఞాపకం సాధారణంగా చెరిగిపోదు, జన్మంతా వుంటుంది. ఈ ఎక్రిలేట్ కుటుంబం ఒక్క గోళ్ళతోనే ఆగిపోదు. పంటికి వేసే తెల్ల సిమెంటులో, దాన్ని అతికించే జిగురులో హెమా వుంటుంది. కట్టుడు పళ్ళలో, మోకాలి కీలు, తుంటి కీలు మార్చేటప్పుడు వాడే ఎముకల సిమెంటులో ఎం.ఎం.ఏ. వుంటుంది. చక్కెరవ్యాధి వాళ్ళు చేతికి అతికించుకునే కొన్ని యంత్రాల జిగురులో కూడా ఈ కుటుంబం వాళ్ళుంటారు. అంటే పంతొమ్మిదేళ్ళ వయసులో పెళ్ళిలో ఫోటో కోసం పెట్టుకున్న గోరు, అరవయ్యేళ్ళ వయసులో మోకాలి ఆపరేషను నాడు డాక్టరు ముందు లేచి నిలబడి “నేనున్నాను” అనగలదన్నమాట! ప్రతివాళ్ళకీ అలా అవుతుందని కాదు. అయినప్పుడు చేయగలిగింది ముందుగా చెప్పడం. మా అమ్మాయి ఇప్పుడు పంటి డాక్టరు దగ్గరికి వెళ్తే, కుర్చీలో కూర్చోకముందే ఈ ఎలర్జీ సంగతి చెప్పి నోరు తెరుస్తుంది. మీరూ అంతే చేయాలి.

దీపం మాటేమిటి?

జెల్ దీపం గురించి 2023 జనవరిలో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు ఓ పరిశోధన ప్రకటించారు. గాజుగిన్నెలో పెంచిన మనిషి కణాలనీ, ఎలుక కణాలనీ ఆ దీపం కింద ఏకధాటిగా ఇరవై నిమిషాలుంచితే నూటికి 20 నుంచి 30 కణాలు చచ్చిపోయాయి. మూడుసార్లు అలా చేస్తే 65 నుంచి 70. బతికినవాటిలో కూడా జన్యుపదార్థానికి దెబ్బతగిలింది. అయితే గిన్నెలో కణాలు వేరు, పైన చర్మం కప్పుకున్న మన వేళ్ళు వేరు. దీనివల్ల కేన్సరు వస్తుందని వాళ్ళు తీర్పేమీ చెప్పలేదు. చాలా ఏళ్ళపాటు మనుషుల్ని గమనించి చూడాలన్నారు. ఈలోగా మనం చేయగలిగిన చిన్న పని వుంది. వెళ్ళేముందు చేతులకి ఎండకి రాసుకునే క్రీము, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గనిది రాసుకోవడం, లేదా వేళ్ళ చివర్లు కత్తిరించిన నల్ల చేతితొడుగులు వేసుకోవడం. డబ్బు ఖర్చు తక్కువ, ధీమా ఎక్కువ.

బల్లకి అవతలి వైపు

మనం నెలకోసారి వెళ్ళి గంటసేపు కూర్చుని వస్తాం. బల్లకి అవతల కూర్చున్న అమ్మాయి మాటేమిటి? పొద్దుట్నించి రాత్రిదాకా అదే ద్రవం, అదే పొడి, గోరు రాకినప్పుడు లేచే అదే దుమ్ము. అందరికంటే ఎక్కువగా తగిలేది ఆమెకే. చేతికి తొడుగులున్నాయి కదా అనుకుంటున్నారా? ఈ చిట్టి అణువులు మామూలు రబ్బరు తొడుగుల్లోంచి కొద్ది నిమిషాల్లో ఇవతలికి వచ్చేస్తాయి! మందు తగిలిన తొడుగుని అప్పుడే తీసేసి ఇంకోటి వేసుకోవాలి. పొద్దున్న వేసుకున్నది సాయంత్రం దాకా వుంచుకుంటే వున్నా ఒకటే లేకున్నా ఒకటే. ముక్కుకి కట్టే పల్చటి గుడ్డ దుమ్ముని కాస్త ఆపుతుందేమోగాని ఆవిరిని ఆపలేదు. కిటికీ తెరవాలి, గాలిని బయటికి లాగే ఫేను వుండాలి.

ఎలర్జీ మనకొస్తే సోకు పోతుంది. ఆమెకొస్తే బువ్వ పోతుంది. టిప్పి హెడ్రెన్ నేర్పించిన విద్య ఎన్ని వేల కుటుంబాలకి అన్నం పెట్టిందో, ఆ కుటుంబాల ఆడవాళ్ళే ఈ ద్రవాలని అందరికంటే దగ్గరగా, అందరికంటే ఎక్కువకాలం పీల్చారు. 2015లో న్యూయార్కు పత్రికల్లో అక్కడి గోళ్ళ పార్లర్లలో పనిచేసేవాళ్ళ ఆరోగ్యం మీద పెద్ద గొడవే జరిగింది. ఇప్పుడు మన హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో వీధికో గోళ్ళ పార్లరు వెలుస్తోంది. పని నేర్చుకుంటున్న ఆ పద్దెనిమిదేళ్ళ పిల్లలకి ఈ సంగతులు ఎవరైనా చెబుతున్నారా? మీరు వెళ్ళినప్పుడు ఓ మాట చెప్పండి. ఈ పేజీ చింపి ఇచ్చినా నేనేమీ అనుకోను!

అయితే పెట్టుకోవద్దంటావా?

అననండీ. నాకూ మెరిసే గోళ్ళంటే సరదానే. అత్తగారి పాత్ర వేయడానికి ఈ పేజీ రాయడం లేదు. కానీ కొన్ని షరతులు.

ఒకటి – మందు గోరు మీదే వుండాలి, చర్మాన్ని ముట్టుకోకూడదు. అంచు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వదలమని అడగండి. తగిలితే దీపం కింద పెట్టకముందే తుడిపించండి.

రెండు – దీపం, సీసా ఒకే కంపెనీవి కావాలి. సీసా మీద రాసినంతసేపూ వేళ్ళు కదలకుండా వుంచాలి. “వేడిగా వుంది” అని మధ్యలో లాగేయడం, “చాల్లే, ఆరిపోయింది” అనడం పనికిరాదు.

మూడు – ఇంట్లో జెల్ కిట్టుల జోలికి పోవద్దు. పేరులేని సీసా, మందుల జాబితా లేని సీసా అసలే వద్దు. ‘హెమా లేదు’ అని రాసివుంటే పొంగిపోకండి. దాని అన్నదమ్ములు వుండవచ్చు. ఒకరు పడనివాళ్ళకి చాలాసార్లు రెండోవాళ్ళూ పడరు.

నాలుగు – ఊడదీసేటప్పుడు పళ్ళతో పీకడం, కార్డు ముక్కతో లేపడం చేస్తే సొంత గోరు పొరలు కూడా దానితో లేచిపోతాయి. ఎసిటోన్‌లో నానబెట్టి మెల్లగా తీయాలి. చేతి గోరు నెలకి పెరిగేది సుమారు మూడు మిల్లీమీటర్లు. పాడయిన గోరు మొత్తం మారాలంటే ఆర్నెల్లు పడుతుంది!

అయిదు – రెండుగంటల ఫంక్షనుకయితే అతికించి తీసేసే గోళ్ళు మేలు. వాటికి జిగురు బదులు అంటుకునే పట్టీలు వాడండి. అయితే ఎలర్జీ వున్నవాళ్ళు ఆ పట్టీలు కూడా డాక్టరునడిగే వాడాలి. జిగురే వాడితే ఒక హెచ్చరిక. ఆ జిగురు నూలుబట్ట మీద, దూది మీద పడితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాలుతుంది. ఒలికితే దూదితో తుడవొద్దు. పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసా బీరువాలో వుండాలి.

ఆరు – దురద, ఎరుపు, కనురెప్ప వాపు, గోరు కింద నొప్పి, గోరు పైకి లేవడం... ఏది కనపడ్డా గోళ్ళు తీయించేసి చర్మం డాక్టరుకి చూపించండి. “ఈ ఒక్క పెళ్ళీ అయ్యాక” అని వాయిదా వేయవద్దు. పెళ్ళిళ్ళు వస్తూనే వుంటాయి, చర్మం ఒకటే.

గోరింటాకు వుండగా...

ఇదంతా చదివి మా అమ్మ, “గోరింటాకు పెట్టుకోక ఎందుకే ఈ తంటాలు?” అంది. గోరుకి అంటించే ఆకు కాబట్టే గోరింటాకు అయిందంటారు. ఆషాఢమాసం వస్తే రుబ్బురోలు చుట్టూ చేరని ఆడపిల్ల వుండేదా? 1979లో దాసరి నారాయణరావు ఆ పేరుతో సినిమానే తీశారు. రుబ్బిన ఆకులో వుండే రంగు గోరులోని పదార్థాన్ని పట్టుకుని పండుతుంది. గోరు పెరిగేదాకా పోదు. నెలలు నెలలు నిలిచే పాలిష్ మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు!

అయితే అమ్మ మాటకీ ఒక షరతు. పండేది ఎరుపుకి, నారింజకి మధ్య రంగు. ‘నల్ల గోరింటాకు’, ‘అయిదు నిమిషాల్లో పండుతుంది’ అని అమ్మే కోనుల్లో తలకి వేసే రంగులోని పి.పి.డి. అనే మందు కలిపి వుండవచ్చు. అది కూడా చర్మాన్ని బొబ్బలెక్కించి, జన్మంతా గుర్తుండే ఎలర్జీ ఇవ్వగలదు. చెట్టు ఆకు వేరు, కోను మీద అచ్చేసిన ఆకుబొమ్మ వేరు.

మా అమ్మాయి వేళ్ళు ఇప్పుడు నెమ్మదించాయి. గోళ్ళు సగం కొత్తవి వచ్చాయి. మొన్న ఆషాఢంలో పెరట్లో ఆకు కోసి, దగ్గరుండి రుబ్బించి పెట్టుకుంది. “పిన్నీ, ఎలా పండిందో చూడు” అని రెండు చేతులూ నా మొహం ముందు పెట్టింది. చూశాను. కళ్ళు కూడా చూశాను. కాటుక పెట్టుకుంది!

పాపం కాటుక... నిర్దోషి అని తేలి విడుదలయింది.

వచ్చేవారం కనురెప్పలకి అతికించే వెంట్రుకల సంగతి చూద్దాం. ఆ జిగురు ఎవరో తెలుసా? మన అతికించే గోళ్ళ జిగురుకి దగ్గర చుట్టం!